ముందు కథ, ఆ తర్వాతే టికెట్

2025 జులై చివర్లో పెద్ద తారలెవరూ లేని ఒక యానిమేషన్ సినిమా తెలుగు ఊళ్ళలో థియేటర్లను నింపేసింది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ఆ ‘మహావతార్ నరసింహ’కు మేనమామలు, పిన్నులు, తాతయ్యలు ఇంట్లో ఉన్న పిల్లలందరినీ వెంటబెట్టుకుని వెళ్ళారు. నిజానికి ఆ కథ మన తెరకు కొత్తదేమీ కాదు. తెలుగువాళ్ళ మొదటి టాకీ, 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’, ఈ కథే. 1967లో ఏవీఎం వారు మళ్ళీ తీశారు. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, బాలమురళీకృష్ణ నారదుడు. కన్నతండ్రే కొడుకును ఏనుగులతో తొక్కించబోవడం, పాములతో కరిపించబోవడం, చివరికి సగం మనిషి సగం సింహంగా ఉన్న ఆకారం స్తంభం చీల్చుకుని వచ్చి ఆ తండ్రి పొట్ట చీల్చడం: ఇదీ కథ. పేరూ ఊరూ తీసేసి ఈ సంఘటనల్ని వరసగా కాగితం మీద పెడితే ఇది చిన్నపిల్లలకు చూపించదగిన సినిమా అని ఎవరూ అనరు. అయినా మూడు తరాల పిల్లలు దీన్ని చూశారు, ఇష్టపడ్డారు, ఇంటికొచ్చి దిండు చాటు నుంచి నరసింహుడిలా దూకి ఆడుకున్నారు. అందుకు కారణం సినిమా మెత్తగా ఉండటం కాదు. థియేటర్‌లో అడుగుపెట్టేసరికే వాళ్ళకు ఆ కథ తెలుసు. స్తంభంలోంచి వచ్చేది ఎవరో, ఎవరి పక్షమో, పిల్లవాడికి ఏమీ కాదని, అంతా తెలిసే కూర్చున్నారు.

అన్నయ్య పిల్లల్నో అక్క పిల్లల్నో సెలవుల్లో సినిమాకు తీసుకెళ్ళేవాళ్ళు పట్టించుకోవలసిన మొదటి విషయం ఇదేనని నా వాదన. ఏ హీరో సినిమా, ఏ స్క్రీన్, ఏ వరస అన్న ప్రశ్నల కంటే ముందు, వెంట వస్తున్న పిల్లల్లో అందరికంటే చిన్నవాడికి ఈ కథ తెలుసా, తెలియకపోతే ముందుగా చెప్పగలమా అన్నది తేల్చుకోవాలి. చెప్పలేని కథైతే, చెప్పడానికి మొహమాటపడే కథైతే, ఆ సినిమా ఆ పిల్లలతో చూసేది కాదు. ఈ ఒక్క పరీక్ష సెన్సార్ సర్టిఫికెట్ కంటే, రివ్యూల కంటే, ‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం’ అన్న పోస్టర్ కంటే బాగా పనిచేస్తుంది.

పెద్దలు భయపడే తీరు వేరు, పిల్లలు భయపడే తీరు వేరు. పిల్లల్ని తెర ఏ వయసులో ఎలా భయపెడుతుందన్న దాని మీద అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ కాంటర్ దశాబ్దాల పాటు పనిచేశారు. 1986లో ఆమె, గ్లెన్ స్పార్క్స్ కలిసి ప్రచురించిన పరిశోధన ఒకటి మనకు చాలా దగ్గరగా ఉంటుంది. ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ అనే టీవీ సీరియల్‌లో మంచివాడైన ఒక శాస్త్రవేత్త కోపం వస్తే ఆకుపచ్చని భీకరాకారంగా మారిపోయి ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడతాడు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు ఎక్కువగా భయపడింది సరిగ్గా అతను మారే దగ్గర, మారిన తర్వాత. తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళు భయపడింది అంతకుముందు, అతను చిక్కుల్లో పడ్డప్పుడు. అతను మారగానే పెద్దపిల్లలు ఊపిరి పీల్చుకున్నారు, ఎందుకంటే ఇక రక్షణ వచ్చేసినట్టే. చిన్నవాళ్ళకు కనిపించింది ఆకారం, పెద్దవాళ్ళకు కనిపించింది దాని వెనక ఉన్న అర్థం. ఇప్పుడు హల్క్ స్థానంలో నరసింహుణ్ణి పెట్టి చూడండి. తాతగారి పక్కన కూర్చున్న పదేళ్ళ మనవరాలు స్తంభం పగలగానే చప్పట్లు కొడుతుంది. ఆమె నాలుగేళ్ళ తమ్ముడు అదే క్షణంలో తాత చొక్కాలో మొహం దాచుకుంటాడు. ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ.

అయితే నాలుగేళ్ళవాడికి ముందుగా కథ చెప్పి లాభమేమిటి, ఆకారాన్ని చూసే కదా భయపడేది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ వయసులో మాట ఒక్కటే చాలదని కాంటర్ పరిశోధనలూ చెబుతాయి. ‘అది నిజం కాదు, బొమ్మ’ అన్న వివరణ ఎనిమిదేళ్ళవాడికి ధైర్యమిస్తుంది గానీ నాలుగేళ్ళవాడికి అంతగా ఇవ్వదు. వాడికి కావలసింది ఒడి, పట్టుకోవడానికి ఒక చెయ్యి, తాగడానికి ఏదైనా. కానీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ‘చూశావా, నిన్న చెప్పానే, ఆయనే వచ్చాడు’ అన్నప్పుడు ఆ మాట కొత్త సంగతిని వివరించడం లేదు, తెలిసినదాన్ని గుర్తుచేస్తోంది. పసివాడికి అది సులువు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య ఉన్న కారణాన్ని సొంతంగా అతుక్కోవడం ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు కష్టమని బాలల మనస్తత్వ పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మొదటి సగంలో విలన్ ఎందుకు నవ్వాడో రెండో సగంలో తెలిసే కథనం, మధ్యలో ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళే ఫ్లాష్‌బ్యాక్, ద్విపాత్రాభినయం ఇవన్నీ మనకు వినోదం, వాళ్ళకు చిక్కుముడి. కథ తెలిసి ఉంటే ఆ ముడి చాలావరకు ముందే విప్పి ఉంటుంది.

మన సినిమా చరిత్రలో ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళు ఉండేవారు. 1947 జులైలో ‘చందమామ’ మొదటి సంచిక వెలువడింది. నడిపింది నాగిరెడ్డి, చక్రపాణి. ఆ ఇద్దరే విజయా సంస్థ పెట్టి 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీశారు. నెలనెలా ఇళ్ళలోకి రాక్షసుల్ని, మాంత్రికుల్ని, రాజకుమారుల్ని పంపినవాళ్ళే వాళ్ళను తెరమీదకూ తెచ్చారు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడిని చూసిన పిల్లవాడికి అలాంటి మాంత్రికులు పుస్తకంలో అప్పటికే పరిచయం. మాయాబజార్‌ను గమనించండి. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు గానీ నాటకాల ద్వారా, తోలుబొమ్మల ద్వారా జనానికి బాగా తెలిసిన కథ. అందులో రూపం మారడం ఒక భయంకర ఘట్టంగా కాక హాస్యంగా వస్తుంది. ఘటోత్కచుడు శశిరేఖగా మారాక సావిత్రి ఆ మగరాక్షసుడి నడకను, హుంకరింపును తన ఒంట్లోకి తెచ్చుకుని నటిస్తుంటే, పిల్లలకు లోపల ఉన్నది ఎవరో తెలుసు, తెరమీది కౌరవులకు తెలియదు. తెరమీదివాళ్ళ కంటే తమకే ఎక్కువ తెలుసన్న గర్వం పిల్లలకు సినిమా ఇవ్వగల అతిపెద్ద ఆనందం. దర్శకుడు కె.వి. రెడ్డి ఆ ఆనందాన్ని లెక్కపెట్టి వడ్డించాడనిపిస్తుంది. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడూ ఆ సినిమా దగ్గరకు పిల్లల్ని తీసుకొచ్చింది కథ తెలిసిన పెద్దలే.

ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. నానమ్మ చెప్పిన కథ తెరమీద చూడటం పోయి, ట్రైలర్‌లో చూసిన ముక్కల్ని పట్టుకుని పిల్లలు థియేటర్‌కి వస్తున్నారు. ట్రైలర్ కథను చెప్పదు, ఊరిస్తుంది. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ కురుక్షేత్రంతో, అశ్వత్థామకు కృష్ణుడు పెట్టిన శాపంతో మొదలవుతుంది. అశ్వత్థామ ఎవరు, ఏ తప్పు చేశాడు, ఎందుకు చావు లేకుండా తిరుగుతున్నాడు అన్నది తెలియని ఏడేళ్ళ పిల్లకు దాదాపు మూడు గంటల సినిమాలో మిగిలేది వాహనాలు, పేలుళ్ళు. తెలిసిన పిల్లకు అదే సినిమా ఒక పెద్ద ప్రశ్న: అంత పెద్ద తప్పు చేసినవాడు ఇప్పుడు మంచివాడెలా అయ్యాడు? రాత్రి అన్నం తింటూ పావుగంట చెప్పే కథ ఈ తేడా తెస్తుంది. కురుక్షేత్రం మొత్తం చెప్పనక్కర్లేదు. ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక కోపం, ఒక శాపం చాలు.

ముందే చెప్పేస్తే ఉత్కంఠ చచ్చిపోదా అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. పెద్దవాళ్ళ విషయంలో దాన్ని కొంతవరకు ఒప్పుకుంటాను. హత్య చేసింది ఎవరో ముందే చెప్పేవాణ్ణి ఎవరూ క్షమించరు. కానీ పిల్లల విషయంలో ఇది మన అనుభవాన్ని వాళ్ళకు అంటగట్టడం. చెప్పిన కథే మళ్ళీ చెప్పమని, అందులో ఒక్క మాట మారినా ఒప్పుకునేది లేదని గొడవ చేసేది పిల్లలే. 1999లో అమెరికాలో ‘బ్లూస్ క్లూస్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం మీద జరిగిన అధ్యయనంలో మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు ఒకే ఎపిసోడ్‌ను వరసగా అయిదు రోజులు చూపించారు. విసుగు చెందుతారనుకుంటాం. చూసినకొద్దీ వాళ్ళకు ఇంకా బాగా అర్థమైంది, తెరతో మాట్లాడటం, సమాధానాలు అరిచి చెప్పడం ఎక్కువైంది. తెలిసినదాన్ని మళ్ళీ కలుసుకోవడమే వాళ్ళకు ఉత్కంఠ. కాస్త పెద్దపిల్లలుంటే ముగింపు దాచుకుని మొదలు, మనుషులు, చిక్కు ఇంతవరకే చెప్పవచ్చు. ఆరేళ్ళ లోపువాళ్ళకైతే ముగింపు కూడా చెప్పాలి, ముఖ్యంగా అందులో చావు ఉంటే. 2019లో నాని, జగపతిబాబు గొంతులతో తెలుగులోకి వచ్చిన ‘లయన్ కింగ్’ ఎంత ముచ్చటగా ఉన్నా అందులో కొడుకు కళ్ళముందే తండ్రి చనిపోతాడు. ఇంట్లో ఆ మధ్యే ఎవరైనా పోయి ఉంటే ఆ సన్నివేశం జంతువుల బొమ్మ కాదు. ఆ సంగతి మేనమామకు గుర్తుండకపోవచ్చు, తల్లికి ఉంటుంది. ఒక ఫోన్ చేసి అడగటానికి నామోషీ ఎందుకు?

‘మమ్మల్ని ఏ సినిమాకు పడితే ఆ సినిమాకు తీసుకెళ్ళారు, మాకేమైంది’ అనే మాట ఇలాంటి చర్చలో తప్పకుండా వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే అందులో కొంత నిజముంది. 1963లో ‘లవకుశ’కు బండ్లు కట్టుకుని వెళ్ళిన కుటుంబాల్లో చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఉన్నారు. 1972 నాటి ‘పాపం పసివాడు’లో ఎడారిలో ఒంటరైపోయిన పిల్లవాణ్ణి చూసి ఏడ్చినవాళ్ళలో సగం మంది పిల్లలే అయి ఉంటారు. ఎవరి బతుకూ పాడైపోలేదు. కానీ ఈ వాదనలో రెండు లోపాలున్నాయి. ఆ కథల్లో ఎక్కువ భాగం ఇంట్లో ముందే విన్నవి, సీత భూమిలోకి వెళ్ళిపోతుందని లవకుశ చూసిన ప్రతి పిల్లకీ తెలుసు. ఇక రెండోది, థియేటరే మారిపోయింది. తెరవెనక ఒక్క స్పీకరున్న హాలులో, చుట్టూ జనం కబుర్లు, సోడాకాయల చప్పుడు, నేల క్లాసులో ఈలల మధ్య చూసిన రంగారావుకీ, నాలుగు గోడల నుంచీ పైకప్పు నుంచీ గర్జన వినిపించే హాలులో చూసే హిరణ్యకశిపుడికీ పోలిక లేదు. డాల్బీ పద్ధతిలో సరిచేసిన హాలులో తెరవెనక ఉన్న ఒక్కో ప్రధాన స్పీకరూ పతాకస్థాయిలో 105 డెసిబెల్స్ దాకా పలకగలగాలి. పిల్లల చెవులకు వారానికి 40 గంటల పాటు 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది, పెద్దలకైతే అది 80. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగమవుతుందన్న లెక్క ప్రకారం చూస్తే, 95 డెసిబెల్స్ దగ్గర పిల్లలకు వారం మొత్తానికి దక్కేది ఓ 24 నిమిషాలు. ఒక్క క్లైమాక్స్ ఫైటుకు సరిపోతుందేమో. పిల్లవాడు రెండు చేతులతో చెవులు మూసుకుంటే భయపడ్డాడని నవ్వుతాం. చాలాసార్లు వాడికి నిజంగానే నొప్పిగా ఉంటుంది.

సర్టిఫికెట్ చూసుకుంటే సరిపోదా? 1983 నుంచి మనకు ‘యు’, ‘ఏ’లకు మధ్య ‘యూఏ’ ఉంది. నలభై ఏళ్ళ పాటు అదొక పెద్ద గోనెసంచిలా పనికొచ్చింది, కాస్త ఘాటున్న ప్రతి సినిమానూ అందులోకి తోసేశారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, 2024 నిబంధనలతో దాన్ని ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లుగా విడగొట్టారు. ఇది మంచి పని, టికెట్ కొనేముందు ఆ అంకె చూడటం ఎవరికైనా అర నిమిషం పని. కానీ అది సలహా మాత్రమే. ‘ఏ’ సినిమాకు పద్దెనిమిది నిండనివాళ్ళను లోపలికి పంపకూడదు గానీ, ‘యూఏ 16 ప్లస్’ సినిమాకు ఆరేళ్ళ పిల్లను ఎత్తుకుని వెళ్తే గేటు దగ్గర ఆపాలన్న నియమం లేదు. పైగా ఆ అంకెలు దేశాన్ని బట్టి మారతాయి. 2017లో ‘బాహుబలి 2’కు మన బోర్డు యూఏ ఇచ్చింది, మన పిల్లలు గుంపులు గుంపులుగా చూశారు. సింగపూర్‌లో అదే సినిమాను పదహారేళ్ళ లోపువాళ్ళు చూడటానికి వీల్లేదన్నారు. అక్కడి తెలుగు కుటుంబాలకు పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళక తప్పలేదు. ఎవరు సరి అన్నది ఇక్కడ తేలేది కాదు. నా మట్టుకు నాకు రెండూ అతే అనిపిస్తుంది. సర్టిఫికెట్ కొలిచేది సినిమాను, పిల్లవాణ్ణి కాదు. వాడికి రాజుల కథలు అలవాటా, తల నరకడం అనే సంగతి ఇంతకుముందు కథలో విన్నాడా, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే పిల్లాడా అన్నది ఏ బోర్డుకూ తెలియదు.

భయం కంటే చిత్రమైన సమస్య ఇంకొకటి ఉంది. సంక్రాంతికి మనం ‘ఫ్యామిలీ సినిమా’ అని వెళ్ళేవి చాలావరకు పెద్దవాళ్ళ సినిమాలే: భార్యాభర్తల గొడవలు, పాత ప్రేమలు, అత్తారింటి రాజకీయాలు. రక్తం లేదు కాబట్టి పిల్లలకు ఫర్వాలేదనుకుంటాం. 2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ఓటీటీలు చూసి బూతులు నేర్చుకున్న పిల్లవాడి పాత్ర ఉంది. హాలు మొత్తం పగలబడి నవ్వింది. దర్శకుడి ఉద్దేశం అలా పెరుగుతున్న పిల్లల మీద చురక వేయడం కావచ్చు, సినిమాలోనే ఆ కారణం చెబుతారు కూడా. కానీ ఎనిమిదేళ్ళ ప్రేక్షకుడికి చురక కనిపించదు. తన ఈడు పిల్లవాడు నోరు జారితే మూడు వందల మంది పెద్దలు చప్పట్లు కొట్టడం కనిపిస్తుంది. అనుకరించకపోతేనే ఆశ్చర్యం. ఇలాంటి సినిమాలు మానేయమని నేను అనడం లేదు. ముందు చెప్పిన పరీక్షనే ఇక్కడా పెట్టమంటున్నాను. పిల్లలకు ఈ కథను ముందు రోజు ఎలా చెబుతాం? ‘మామయ్యకు పెళ్ళికి ముందు ఇంకొకరితో ప్రేమ’ అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, ఆ సినిమాకు పెద్దలు విడిగా ఫస్ట్ షోకి వెళ్ళడం మేలు. పిల్లల కోసం మా సినిమా మానుకోవాలా అనే కోపానికి సమాధానం కూడా అదే: మానుకోనక్కర్లేదు, రెండు ప్రయాణాలు చేయండి. హీరో సినిమాకు పిల్లల్ని తోడు తీసుకెళ్ళి, దాన్ని వాళ్ళ సినిమా అని పిలవడం మాత్రం సరికాదు.

పిల్లల కోసమే తీసిన సినిమాలేవి మరి అంటే, సిగ్గుపడాల్సినంత తక్కువ. 1992లో అక్కినేని కుటుంబరావు ‘భద్రం కొడుకో’ వచ్చింది, తర్వాత గుణశేఖర్ పిల్లలతోనే తీసిన ‘రామాయణం’ ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ను ఇప్పటికీ తలుచుకుంటారు. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి ఏళ్ళ తరబడి హైదరాబాదే వేదికగా ఉండేది. ఆ ఉత్సవం నడిపిన బాలల చిత్ర సమితిని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. పిల్లల సినిమా లేని చోట పెద్దల సినిమాను పిల్లలకు అర్థమయ్యేలా చేసే బాధ్యత తీసుకెళ్ళేవాళ్ళ మీదే పడుతోంది.

ఫోన్‌లో ఇంతకంటే ఘోరాలు చూస్తున్నారు, థియేటర్ దగ్గరే ఈ పట్టింపులెందుకు అనేవారికి నా జవాబు కాస్త తిరగబడి ఉంటుంది. థియేటర్ బలమైనది కాబట్టే పట్టింపు. ఫోన్‌ను పక్కన పడేయవచ్చు, గొంతు తగ్గించవచ్చు, వేలితో జరిపేయవచ్చు. చీకటి హాలులో పిల్లవాడి చేతిలో ఏమీ ఉండదు, చూపు తప్పించడానికి చోటుండదు. ఆ బలమే మంచి సినిమా పడితే మేలు కూడా చేస్తుంది: రెండున్నర గంటలు ఒకే కథ మీద మనసు నిలపడం, పక్కవాళ్ళు నవ్వితే నవ్వడం, ఇంటర్వెల్లో వరసలో నిలబడటం, ఇంటికొస్తూ ‘వాడు ఎందుకలా చేశాడు’ అని వాదించుకోవడం. ఫోన్ వీటిలో ఏదీ ఇవ్వలేదు. ముఖ్యంగా పక్కన ఒక పెద్దమనిషి ఉండటం. పక్కన కూర్చున్న పెద్దలు మాట్లాడుతూ చూపిస్తే పిల్లలకు ఎక్కువ అర్థమవుతుందన్నది ‘సెసెమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం రోజుల నుంచి పరిశోధకులు గమనిస్తున్నదే. అయితే ఆ పెద్దమనిషి తన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే పిల్లవాడు ఒంటరిగా చూసినట్టే లెక్క.

బంధువుల పిల్లల్ని తీసుకెళ్ళడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, సినిమా మీరు చూపిస్తారు, రాత్రి ఉలికిపాటు వాళ్ళమ్మకు దక్కుతుంది. అందుకని వేళ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. సెకండ్ షోలు, బెనిఫిట్ షోలు పిల్లలవి కావు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో ‘పుష్ప 2’ ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాతి నెలలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ళ లోపు పిల్లల్ని రాత్రి 11 తర్వాత, ఉదయం 11కు ముందు షోలకు అనుమతించవద్దంది. మల్టీప్లెక్సుల విన్నపం మీద మార్చిలో ఆ ఆంక్షను సడలించింది. కోర్టు సడలించినంత మాత్రాన నిద్రవేళ మారదు. విడుదలైన వారం తర్వాత, పగటి ఆట, మధ్యలో లేక కాస్త వెనక వరస, నడవా పక్క సీట్లు, ఇంతే. రెండేళ్ళ లోపు పిల్లలకు తెరే వద్దని భారతీయ బాలల వైద్యుల సంఘం చెబుతోంది, వాళ్ళను ఇంట్లో అమ్మమ్మ దగ్గర వదలడంలో తప్పేమీ లేదు. ఖర్చు మాట చెప్పాలంటే, మూడేళ్ళు నిండినవాళ్ళకు చాలా మల్టీప్లెక్సుల్లో పూర్తి టికెట్టే, పాప్‌కార్న్ సంగతి అందరికీ తెలుసు. తెలియని సంగతి ఒకటుంది: బయటి తిండిని హాలు యజమానులు వద్దనవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెబుతూనే, తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తగినంత ఆహారం తెచ్చుకోవచ్చని కూడా చెప్పింది. గేటు దగ్గర పాలసీసా గురించి వాదించేవాళ్ళకు ఈ తీర్పు గుర్తుచేయండి.

ఇన్ని చేసినా పిల్లవాడు మధ్యలో ఏడవవచ్చు. సినిమా మొదలవకముందే వచ్చే పొగాకు హెచ్చరికలోని నోటి క్యాన్సర్ బొమ్మలకే ఏడ్చే పిల్లలుంటారు, పొగాకు వాడకం చూపించే సినిమాలకు 2012 నుంచి అలాంటి హెచ్చరికలు తప్పనిసరి కూడా. అప్పుడు ‘ఇంత డబ్బు పెట్టి కొన్నాం, కూర్చో’ అనడం కంటే బయటికి తీసుకెళ్ళి పది నిమిషాలు తిప్పడం మంచిది. మళ్ళీ లోపలికి రానంటే ఇంటికి వెళ్ళిపోవడమూ మంచిదే. కథ తెలిసిన పిల్లవాడికి ఇందులోనూ ఒక వెసులుబాటుంది: మిగిలింది తాతయ్య చెప్పేస్తాడు.

థియేటర్లవాళ్ళు చేయవలసిందీ కొంత ఉంది. కేరళ ప్రభుత్వ చలనచిత్ర సంస్థ 2022లో తిరువనంతపురంలోని తన థియేటర్ సముదాయంలో పసిపిల్లల తల్లుల కోసం ఒక అద్దాల గది కట్టింది. పిల్ల ఏడ్చినా శబ్దం హాలులోకి రాదు, తల్లి లోపలినుంచే సినిమా చూడవచ్చు, ఊయల కూడా పెట్టారు. అమెరికాలో ఏఎంసీ థియేటర్లు 2007 నుంచి కొన్ని ఆటల్ని దీపాలు పూర్తిగా ఆర్పకుండా, శబ్దం తగ్గించి నడుపుతున్నాయి. ఆటిజం ఉన్న పిల్లల కోసం మొదలైన ఆ ఏర్పాటు ఏ చిన్నపిల్లకైనా హాయిగానే ఉంటుంది. మన దగ్గర సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో ఆదివారం ఉదయం ఒక్క ఆటైనా అలా నడపడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రొజెక్షన్ గదిలో శబ్దం మీట నాలుగు గీతలు తగ్గిస్తే చాలు. ఈ సెలవుల్లో పిల్లలతో వెళ్ళినప్పుడు మేనేజర్‌ను పిలిచి ఆ ఒక్క ఆట అడగండి.